స్నాతకానంతర స్వాధ్యాయం

వేదాధ్యయనం ముగించి గురుకులం విడిచే శిష్యునికి ఆచార్యుడు చేసే అనుశాసనం తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లిలో కనబడుతుంది. స్వాధ్యాయ ప్రవచనాల పట్ల ఏమరుపాటు కూడదన్నది అందులో ముఖ్యమైన విధి. గురుసన్నిధిలో ఉన్నంత కాలం ఏమరుపాటుకు తావుండదు. అది సంభవించేది విద్య పూర్తయిందని భావించిన తరువాతనే. కనుకనే ఆ మాట వీడ్కోలు వేళ చెప్పబడింది.

విద్య నాలుగు కాలాలలో సార్థకమవుతుందని మహాభాష్యకారుడు పతంజలి నిరూపించాడు. గురువు నుండి గ్రహించడం మొదటిది, స్వయంగా ఆవృత్తి చేయడం రెండవది, బోధించడం మూడవది, వ్యవహారంలో వినియోగించడం నాలుగవది. నేటి డాక్టరేటు పట్టంతో ముగిసేది వీటిలో మొదటిది మాత్రమే.

ఈ సత్యానికి ఆధునిక యుగంలో నిదర్శనం వంగదేశీయులైన సురేంద్రనాథ్ దాస్‌గుప్త జీవితం. ఆయన కలకత్తా, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాలు రెండింటి నుండీ డాక్టరేటు పొందిన పండితులు. ఆయన రచించిన భారతీయ దర్శన చరిత్ర ప్రథమ సంపుటాన్ని 1922లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రకటించింది. బౌద్ధ జైన మతాలు, షడ్దర్శనాలు, శాంకరాద్వైతం అందులో వివరించబడ్డాయి. పట్టాలూ కీర్తీ లభించాయి గనుక ఆయన అక్కడితో విరమించినా ఎవరూ తప్పు పట్టేవారు కారు.

ఆయన విరమించలేదు. ద్వితీయ సంపుటం వెలువడడానికి పదేళ్లు పట్టింది. తృతీయ సంపుటం 1940లో, చతుర్థ సంపుటం 1949లో వచ్చాయి. ఈ మధ్యకాలంలో అధ్యాపకత్వం, కలకత్తా సంస్కృత కళాశాల అధ్యక్ష బాధ్యత, చివరి సంవత్సరాలలో అనారోగ్యం ఆయనను వెన్నంటే ఉన్నాయి. 1952లో లక్నోలో ఆయన దేహత్యాగం చేసేనాటికి పంచమ సంపుటం ఇంకా వెలువడలేదు. ఆయన ధర్మపత్ని, స్వయంగా దర్శనశాస్త్ర విదుషి అయిన సురమా దాస్‌గుప్త చేతుల మీదుగా అది 1955లో లోకానికి అందింది.

ప్రథమ సంపుటంతో ఆ లేఖిని ఆగి ఉంటే రామానుజ, నింబార్క, మధ్వ, వల్లభ సిద్ధాంతాలపై ఆయన చేసిన విచారం మనకు దక్కేది కాదు. దక్షిణాది శైవానికి కేటాయించిన పంచమ సంపుటమూ, అందులో శ్రీపతి పండితుని శ్రీకరభాష్యంపై చేసిన చర్చా ఉండేవి కావు.

అధ్యయనం చేత ఋషిఋణం తీరుతుందని శాస్త్రం చెబుతుంది. పట్టం ఆ ఋణవిమోచన పత్రం కాదు. ఋణం ఎంత ఉన్నదో తెలిపే లెక్క మాత్రమే. అది తీర్చడానికి ఆజన్మాంతం స్వాధ్యాయం చేయవలసిందే. ఆ పని ఒక జన్మలో ముగియకపోయినా, అందుకొనే చేతులను సిద్ధపరచడం ప్రవచనం వల్ల సాధ్యమవుతుంది.

స్వస్తి.