గడ్డి పట్టే బుట్ట, వేలు తీసిన బుట్ట

ఈ పోస్టు కొంచెం పొడుగు. తీరిక చూసుకుని చదవండి. పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లు మాత్రం వదలకుండా చదవండి.

పోయిన వేసవిలో మా ఊరాయన ఒకరు కొడుకు దగ్గరికి టెక్సాస్ వెళ్లాడు. నలభై ఏళ్లు సేద్యం చేసిన మనిషి, చేతులు ఊరుకోవు కదా. కొడుకు ఆఫీసుకి వెళ్లగానే షెడ్డులోంచి గడ్డి కోసే చిన్న ట్రాక్టరు తీశాడు. దాన్ని అక్కడ రైడింగ్ మోవర్ అంటారు. మనం పైన కూర్చుని తోలుతుంటే కింద బ్లేడ్లు గడ్డి కోస్తాయి. కోసిన గడ్డి పక్కనున్న లావాటి గొట్టంలోంచి ఎగిరి వెనకున్న రెండు బుట్టల్లో పడుతుంది. ఆ బుట్టలూ గొట్టమూ కలిపి బ్యాగర్.

పొద్దున్నే మంచు తడి ఆరకముందే మొదలుపెట్టాడు. తడిగడ్డి గొట్టంలో ఇరుక్కుపోయింది. బ్రేకు వేసి, బ్లేడు స్విచ్చి ఆపి, ఇంజను నడుస్తుండగానే దిగాడు. గొట్టానికి ఉన్నది ఒకటే రబ్బరు కొక్కెం. టక్కున ఊడదీసి గడ్డి లాగబోయాడు. మధ్యవేలు ఒక కణుపు పోయింది.

ఫోనులో ఆయన అన్న మాట ఒకటే. "బావా, స్విచ్చి ఆపాను కదా, బ్లేడు కూడా ఆగిందనుకున్నా."

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. అసలు ఈ బుట్ట ఎక్కడ పుట్టింది, గడ్డి పట్టుకునే బుట్ట మనిషి వేలు తీసేదాకా ఎలా వచ్చింది అని చదువుకుంటూ పోయాను. తెలిసింది మీకూ చెప్తాను.

రెండు వందల ఏళ్ల క్రితం ఇంగ్లండులో జమీందార్ల బంగళాల ముందు పచ్చిక ఉండేది. దాన్ని పొడుగు పిడి ఉన్న పెద్ద కొడవళ్లతో కోసేవాళ్లు. గడ్డి తడిగా ఉంటేనే ఆ కొడవలికి బాగా తెగుతుంది కాబట్టి తెల్లవారుజామున మంచులోనే పని. కోసేవాళ్ల వెనకాలే చీపుర్లు పట్టుకుని ఊడ్చి ఎత్తేవాళ్లు. కోత ఎంత పనో, ఎత్తడమూ అంత పనే. వరి కోసి పనలు ఎత్తినవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

అక్కడి గ్లాస్టర్‌షైర్‌లో స్ట్రౌడ్ అనే ఊరి చుట్టుపక్కల ఉన్ని గుడ్డల మిల్లులు ఉండేవి. ఎడ్విన్ బడ్డింగ్ అనే మెకానిక్ అక్కడివాడే. నేసిన ఉన్ని గుడ్డ మీద నూగు లేస్తుంది. దాన్ని సమానంగా కత్తిరించడానికి మిల్లుల్లో చుట్టూ కత్తులున్న రోలరు ఒకటి తిరుగుతుండేది. గుడ్డ మీద నూగు కత్తిరించేది నేల మీద గడ్డిని మాత్రం ఎందుకు కత్తిరించదు అనుకున్నాడాయన. 1830 ఆగస్టు 31న పేటెంటు తీసుకున్నాడు. మిషను వెడల్పు 19 అంగుళాలు. మనిషి వెనకనుంచి నెట్టాలి. తెగిన గడ్డి ముందున్న ట్రేలో పడుతుంది. మరుసటి ఏడు లండన్ రీజెంట్స్ పార్కు జంతుప్రదర్శనశాల వాళ్లు దాన్ని వాడి చూశారు. కొడవళ్లూ చీపుర్లూ పట్టిన ఆరుగురు ఎనిమిది మంది పని ఇది ఒక్కటే చేస్తోందని అక్కడి తోటమాలి చెప్పాడు. చూశారా, ఆ లెక్కలో చీపుర్లు కూడా ఉన్నాయి. గడ్డి కోసే మిషను పుట్టినప్పుడే బుట్ట కూడా పుట్టింది.

ఆ బుట్ట ఎవరికీ హాని చేసేది కాదు. ఆ కత్తులు కత్తెరలా పనిచేస్తాయి. తిరిగే కత్తికి, కింద కదలని కత్తికి మధ్య గడ్డి నలిగి తెగుతుంది. నెట్టడం ఆపితే కత్తి ఆగిపోతుంది. తెగిన గడ్డి కొంచెం ఎగిరి ముందు పడుతుంది, అంతే.

తర్వాత మిషను పెద్దదైంది. 1840ల్లో స్కాట్లాండులో అలెగ్జాండర్ షాంక్స్ పొట్టి గుర్రం లాగే మోవర్ చేశాడు. గిట్టల గుర్తులు పచ్చిక మీద పడకుండా గుర్రాలకి తోలు బూట్లు తొడిగేవాళ్లట. మన ఎద్దులకి నాడాలు కొడతాం, వాళ్లు గుర్రాలకి బూట్లు వేశారు! 1902లో రాన్సమ్స్ కంపెనీ పెట్రోలు ఇంజను మోవర్ అమ్మకానికి పెట్టింది. ఇంజను వచ్చినా కోత మాత్రం ఆ కత్తెర పద్ధతే.

అసలు మార్పు రోటరీ బ్లేడుతో వచ్చింది. ఒక ఇనుప పట్టీ, రెండు చివర్లా పదును, ఇంజను బలంతో ఫ్యానులా గిర్రున తిరగడం. ఇది కత్తెర కాదు, దెబ్బ. వేగంతో కొట్టి గడ్డిని తెంపుతుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో ఊళ్ల అంచున వేల ఇళ్లు ఒక్కసారిగా లేచాయి. 1947లో లాంగ్ ఐలాండులో మొదలైన లెవిట్‌టౌన్ వాటిలో పేరున్నది. వారం వారం పచ్చిక కోయించాలని అక్కడ ఇంటి షరతుల్లోనే ఉండేది. అలాంటి ఇళ్లకి చౌకగా దొరికే రోటరీ మోవరే సరిపోయింది. స్థలం ఎక్కువున్నవాళ్లకి కూర్చుని తోలేవి వచ్చాయి. జాన్ డీర్ 110 మోడల్ 1963లో వచ్చింది.

ఇక్కడ బుట్ట కథ మారింది. రోటరీ బ్లేడు వెనక అంచు కొంచెం పైకి వంచి ఉంటుంది. తిరుగుతుంటే గాలి లేస్తుంది. ఆ గాలే గడ్డిని నిలబెడుతుంది, కోశాక గొట్టంలోంచి మోసుకెళ్లి బుట్ట నింపుతుంది. గాలి లేకపోతే బ్యాగర్ లేదు. కానీ బ్లేడుకి ఏది గడ్డో ఏది రాయో తెలీదు. బ్లేడు కొన వేగం నిమిషానికి 19,000 అడుగులు దాటకూడదని అక్కడి ప్రమాణం. అంటే గంటకి దాదాపు 350 కిలోమీటర్లు. ఆ దెబ్బ తగిలిన గులకరాయి, తీగముక్క గడ్డితో పాటే బయల్దేరుతుంది. బుట్ట ఉంటే అందులో పడుతుంది. బుట్ట తీసేసి, గొట్టం మూతి దగ్గర ఉండాల్సిన రేకు కూడా దించకపోతే పక్కనున్నవాళ్ల కంట్లో పడుతుంది. బడ్డింగ్ కాలంలో చీపురు పని మాత్రమే చేసిన బుట్ట, రోటరీ కాలంలో అడ్డుగోడ కూడా అయింది. చాలామంది మర్చిపోయేది ఇదే. సంచి చిరిగితే "కొంచెం గడ్డే కదా కారేది" అనుకుంటారు. గడ్డి కారే చిల్లులోంచి రాయీ వస్తుంది.

మా ఊరాయన్ని కొట్టింది రెండో సంగతి. ఈ బ్లేడు బరువుగా ఉంటుంది. స్విచ్చి ఆపినా ఆ ఊపు మీద కొన్ని సెకన్లు తిరుగుతూనే ఉంటుంది. డెక్ కింద ఉంటుంది కాబట్టి కంటికి కనపడదు, ఇంజను మోతలో చెవికీ వినపడదు. చేతులు, కాళ్లు పోగొట్టుకున్నవాళ్లు పెరిగాక అమెరికా ప్రభుత్వం రూలు తెచ్చింది. 1982 నుంచి, నడుస్తూ తోసే మోవర్లలో పిడి వదిలిన 3 సెకన్లలో బ్లేడు ఆగిపోవాలి. కూర్చుని తోలేవాటికి ఆ చట్టం వర్తించదు. వాటికి పరిశ్రమ తనంతట తాను పెట్టుకున్న ప్రమాణాలే. సీటు మీంచి లేస్తే బ్లేడు ఆగడం, వెనక్కి తోలుతుంటే బ్లేడు తిరగకపోవడం ఒక్కొక్కటిగా అలా వచ్చినవే. ఇన్ని వచ్చినా ఏటా పదుల వేల మంది మోవర్ దెబ్బలతో ఆస్పత్రికి వెళ్తూనే ఉన్నారు.

కాబట్టి బ్యాగర్ ఉన్న మోవర్ ఎక్కే ముందు ఇవి గుర్తుపెట్టుకోండి.

గొట్టం పూడుకుంటే బ్లేడు ఆపి, ఇంజను ఆపి, తాళం చెవి తీసి జేబులో వేసుకోండి. అన్నీ ఆగేదాకా కూర్చోండి. తర్వాత కర్రతో పొడవండి, చెయ్యి పెట్టొద్దు. అసలు మంచు ఆరాక కోస్తే పూడుకోదు. కొడవలికి తడి కావాలి, మిషనుకి పొడి కావాలి.

కోసే ముందు నేల మీద రాళ్లు, బొమ్మలు, తీగలు ఏరండి. పిల్లల్ని ఇంట్లోకి పంపండి. మనవణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని తోలడం ముచ్చటగానే ఉంటుంది, కానీ వద్దు.

బుట్టలు నిండితే బరువంతా వెనక పడి ముందు చక్రాలు తేలిపోతాయి. కంపెనీ చెప్పిన ముందు బరువులు పెట్టాలి. వాలు నేల మీద ఇంకా జాగ్రత్త, బుట్టలు సగంలోనే ఖాళీ చేయండి.

పని అయ్యాక గడ్డిని బుట్టలోనే వదిలి షెడ్డులో పెట్టొద్దు. తడి ఆరని గడ్డి వామి వేస్తే లోపల ఎలా కాగుతుందో మనకి తెలుసు. ఇదీ అంతే. పక్కనే పెట్రోలు, వేడి సైలెన్సరు ఉంటాయి.

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అనుకోకండి. హరిత విప్లవం తర్వాత మన దేశంలో నూర్పిడి మిషన్లు వచ్చినప్పుడు ఎన్ని చేతులు పోయాయో పెద్దవాళ్లకి తెలుసు. చివరికి 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం వచ్చింది. చెయ్యి డ్రమ్ము దాకా అందకుండా మేత వేసే తూము పొడుగ్గా, పైన మూతతో ఉండాలని ప్రమాణాలు పెట్టారు. నూర్పిడి మిషను చెయ్యిని లోపలికి వేసే దగ్గర పట్టుకుంటుంది. మోవర్ బయటికి వచ్చే దగ్గర పట్టుకుంటుంది. తేడా అంతే.

మా ఊరాయన తిరిగొచ్చాడు. కట్టు విప్పేశారు. మొన్న కనపడితే, "నూర్పిడి మిషను దగ్గర కూలోళ్లని ఎన్నిసార్లు కసిరానో బావా, ఆగేదాకా చెయ్యి పెట్టొద్దురా అని" అన్నాడు. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

అమెరికాలో మీ పిల్లలు ఉంటే ఇది పంపండి. మీరు వెళ్తుంటే, ఆ మిషను ఎలా ఆపాలో ముందు వాళ్లని అడిగి, దగ్గరుండి చూపించుకోండి. తోలడం మనకి వచ్చులెండి.