దోటి: తేలికైన కోత గెడను ఎంచుకొనే విధానము

పొడవైన గెడ చివర కొడవలినో కొక్కెమునో బిగించి, నేలపై నిలిచి కాయలు కోయుటకు, కొమ్మలు నరకుటకు వాడే పనిముట్టును తెలుగులో దోటి అంటారు. మలేషియాలో కొబ్బరి, ఆయిల్ పామ్ తోటలలో పనిచేసిన మన పూర్వులకు ఇది చిరపరిచితము. ఆయిల్ పామ్ లేతచెట్ల గెలలను పొట్టి గెడకు అమర్చిన ఉలితో కోస్తారు. చెట్టు ఎదిగిన పిమ్మట పొడవు గెడ, కొడవలి అవసరమవుతాయి. వెదురు గెడల స్థానాన్ని క్రమంగా అల్యూమినియం గొట్టాలు ఆక్రమించాయి. నేడు పెరటి మామిడికో కొబ్బరికో దోటి కొనదలచినవారి కొరకు ఈ వివరాలను ఇస్తున్నాము.

బరువు

మొత్తం తూకము కన్న బరువు ఎక్కడ ఉన్నదనేదే ముఖ్యము. కొనలో ఉన్న బరువు మెడను, భుజాలను అధికంగా శ్రమపెడుతుంది. అందువలన గెడను పూర్తిగా చాచి, ఏటవాలుగా ఒక నిమిషం పట్టుకొని చూచిన తరువాతనే కొనాలి.

పొడవు

5 మీటర్ల ఎత్తులోని కొమ్మకు సుమారు 4 మీటర్ల గెడ చాలును. అవసరానికి మించిన పొడవు భారమే. గెడ వంగి, కోత గురి తప్పుతుంది.

గెడ పదార్థము

వెదురు చవకైనది, తేలికైనది. కాని పగులుతుంది, పురుగు పడుతుంది. అల్యూమినియం తేలిక, మన్నిక గలది. ఫైబర్‌గ్లాస్ కొంత బరువు. కార్బన్ ఫైబర్ మిక్కిలి తేలిక, వంగదు, ధర ఎక్కువ.

కోత భాగము

సన్నని కొమ్మలకు తాడుతో లాగే కత్తెర, లావు కొమ్మలకు వంపు రంపము, మట్టలకు కొడవలి తగినవి. రంపము లాగునప్పుడు కోసేదిగా ఉండాలి. లావు కొమ్మను మొదట క్రిందివైపు కొద్దిగా కోస్తే బెరడు చీలిపోదు.

విద్యుత్ ప్రమాదము

ఇది అన్నిటికన్న ముఖ్యము. అల్యూమినియం, కార్బన్ ఫైబర్ రెండును విద్యుత్తును ప్రసరింపజేస్తాయి. వెదురు కాలపు అలవాటుతో తీగల చెంత లోహపు గెడను ఎత్తడం ప్రాణాంతకము. తడిసిన వెదురును, తడిసిన ఫైబర్‌గ్లాసును కూడా నమ్మరాదు. చెట్టు పక్కన తీగలున్నచో ఏ గెడనూ ఎత్తక, విద్యుత్ సంస్థకు తెలియజేయాలి.

కోసేటప్పుడు కొమ్మ క్రింద నిలువరాదు. శిరస్త్రాణము, కంటి రక్షణ తప్పనిసరి. పని ముగిసిన పిమ్మట పదునైన కొనకు తొడుగు వేసి, దోటిని పిల్లలకు అందని చోట పడుకోబెట్టి ఉంచాలి.