గగనయానపు గురుతులు



రాజుల చరిత్రము శాసనములయందును, దేవాలయముల చరిత్రము రాతిగోడలయందును నిలిచియున్నది. మరి గాలిలో సాగిన ప్రయాణముల చరిత్రము ఎందు నిలుచును? ఆకాశమున బండిచాళ్లు పడవు గదా! అది మిక్కిలి అల్పములైన వస్తువులయందు నిలిచియున్నది. తపాలా కవరులు, ప్రయాణపు చీట్లు, వేళల పట్టికలు, పెట్టెల కంటించెడి కాగితములు, ఇవియే దానికి సాక్షులు. వీనిని ఏరి దాచువారు మన దేశమునను విదేశములయందును కలరు. ఇది పనిలేనివారి వేడుక యని నేను చాలకాలము తలచితిని. ఆ తలంపు తప్పని ఎట్లు తెలిసినదో మనవి చేసెదను.

1911వ సంవత్సరము ఫిబ్రవరి 18వ తేదీన ప్రయాగలో ఒక గొప్ప ప్రదర్శనము జరుగుచుండెను. హెన్రీ పెకే అను ఫ్రెంచి యువకుడు హంబర్ కంపెనీవారి విమానముపై, ఇంచుమించు 6,500 ఉత్తరములతో ఎగిరి, యమునను దాటి, ఆవలనున్న నైనీలో దిగెను. దూరము సుమారు ఆరు మైళ్లు. పట్టిన కాలము 13 నిమిషములు. ప్రభుత్వపు అనుమతితో విమానము మోసిన మొదటి టపా లోకమున నిదియే యని చెప్పుదురు. ఉత్తరమునకు ఆరణాల ప్రత్యేక రుసుము గ్రహించి, ఆ సొమ్మును అచ్చటి విద్యార్థుల వసతిగృహమున కిచ్చిరి. కొండలమీద ఎగురు విమానపు బొమ్మగల ముద్రను ఆ ఉత్తరములపై వేసిరి. ఆ 13 నిమిషములు గాలిలో కలిసిపోయినవి గాని, ముద్ర మాత్రము నిలిచినది.

తరువాత 1932 అక్టోబరు 15వ తేదీన జె. ఆర్. డి. టాటాగారు పస్ మాత్ అను చిన్న విమానమున, కరాచీనుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి టపా తెచ్చిరి. నడుమ అహమ్మదాబాదులో ఆ విమానమునకు పెట్రోలు ఎద్దుబండిపై వచ్చెనని చెప్పుదురు. పాతయుగమే క్రొత్తయుగమునకు దాహము తీర్చినదన్నమాట! బొంబాయినుండి నెవిల్ విన్‌సెంటుగారు బళ్లారి మీదుగా చెన్నపురికి ఆ టపాను చేర్చిరి. మన తెలుగువారికి బేగంపేటలో నెలకొన్న డెక్కన్ ఎయిర్‌వేసు కంపెనీ తెలిసినదే. అది 1953లో ఇతర కంపెనీలతోబాటు ఇండియన్ ఎయిర్‌లైన్సులో కలిసిపోయినది. నేడు ఆ పేరుగల చీటి దొరకినచో, అది లేని సంస్థకు మిగిలిన సంతకము వంటిది.

ఇక నా తప్పు చెప్పెదను. మా తాతగారి తమ్ములు రంగూనులో ఒక ధాన్యపు మిల్లున గుమాస్తాగా నుండిరి. వారు పంపిన జాబుల కట్ట మా యింట రేకుపెట్టెలో నుండెను. లోపలి జాబులను చెదలు తినివేయగా కవరులు మాత్రము మిగిలినవి. నా పదియవ యేట నాకు తపాలాబిళ్లల పిచ్చి పట్టినది. ఒక వేసవి మధ్యాహ్నమున కత్తెర పుచ్చుకొని ప్రతి కవరునుండియు బిళ్లను కత్తిరించి, నీట నానబెట్టి ఊడదీసి, నోటుపుస్తకమున అంటించుకొంటిని. మిగిలిన కాగితము పొయ్యిపాలైనది. తాతగారు చూచిరి గాని ఏమియు ననలేదు. ఆ మౌనమునకు అర్థము నాకు అప్పుడు తెలియలేదు.

1941 డిసెంబరులో రంగూనుపై బాంబులు పడెను. మరుసటి యేట వేలకొలది జనము అడవుల వెంట కాలినడకన స్వదేశము చేరిరి. చిన్నతాతగారు రాలేదు. తిథి తెలియనందున మా యింట అమావాస్యనాడే వారికి తర్పణము విడుచుచుండిరి. వారి చివరి జాబు ఎన్నడు వచ్చినదో తెలిసిన తాతగారు గతించిరి.

ఉద్యోగవిరామానంతరము ఆ నోటుపుస్తకమును తెరచితిని. ఒక బిళ్లపై రాజుగారి తలయు, దానిమీద బర్మా అను అచ్చును కలవు. బర్మా మన దేశమునుండి 1937 ఏప్రిల్ 1వ తేదీన వేరైనది; కాన ఆ జాబు అటుతరువాతిదే. అంతకు మించి ఏమియు తెలియదు. ముద్రలో సగము వలయము బిళ్లమీద నున్నది. అందు ఊరిపేరులోని నాలుగక్షరములు కలవు. తేదీ గల సగము కవరుమీద నుండెను. దానిని కాల్చినవాడను నేనే.

తెలిసిన సేకర్తలు బిళ్లను కవరునుండి వేరుచేయరు. ఎచట బయలుదేరినది, ఏ త్రోవను వచ్చినది, ఏనాడు చేరినది యను కథ అంతయు కవరుపైనే యుండును. తాళపత్ర గ్రంథమున లేఖకుడు తన పేరును సంవత్సరమును వ్రాసిన చివరి ఆకును పండితులు ఎట్లు కాపాడుదురో, ఇదియు నట్లే. పాత కవరులపై దొంగముద్రలు వేసి అమ్మువారును కలరు. కావున బిళ్ల వెలువడిన సంవత్సరమును, ముద్రలోని తేదీని సరిపోల్చవలెను. బిళ్ల పుట్టకమునుపే ముద్ర పడియున్నచో అది కపటమని తెలియును.

పెద్దలారా! మీ యింటి పాతపెట్టెలలో అట్టి కాగితము లుండవచ్చును. వానిని కత్తిరింపకుడు, తూకమునకు వేయకుడు. తేమ తగులని చోట నుంచి, వ్రాసినవా రెవరో, వారు మీకేమి యగుదురో వేరొక చీటిపై వ్రాసి జతపరచుడు. వెల సంగతి తరువాత చూచుకొనవచ్చును. మీరు చెప్పనిచో మీ మనుమలకు చెప్పువారు లేరు.