గుర్రపుడెక్క నివారణ (తెలంగాణ చెరువులు)

గుర్రపుడెక్క దక్షిణ అమెరికాకు చెందిన, నీటిపై తేలే కలుపు మొక్క. పూల అందం కోసం 19వ శతాబ్ది చివర్లో బెంగాల్‌కు తెస్తే దేశమంతా పాకింది. మురుగు కలిసిన నీటిలో రెండు వారాల్లోనే రెట్టింపు కాగలదు. వెలుతురుకు అడ్డుపడి, నీటిలో ప్రాణవాయువును తగ్గించి చేపలకు ఊపిరాడనివ్వదు.

పాలమూరు మెట్టలో ఈ ముప్పు ఒక్క చెరువుతో ఆగదు. ఒకదాని కింద ఒకటిగా ఉన్న గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు అలుగు దూకితే పిలకలు కింది చెరువుకు చేరతాయి.

రైతులు, మత్స్యకారులు కలిసి పూతకు ముందే మొక్కను వేళ్లతో సహా లాగి, నీటికి దూరంగా ఎండబెట్టడమే నమ్మదగిన పద్ధతి. విత్తనాలు బురదలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి కాబట్టి ఏటా కాపలా తప్పదు. 1980ల్లో దేశంలోకి తెచ్చిన ముక్కుపురుగులు ఆకులను తిని మొక్కను బలహీనపరుస్తాయి, కానీ నెమ్మదిగా.

గుర్రపుడెక్కలాగే ఇవీ పాకవచ్చు కాబట్టి అక్వేరియం మొక్కలనూ చేపలనూ చెరువులో వదలకూడదు.