పెద్దలకు బంగారం, సిపాయికి తగరం

బెల్లంపల్లి నేలను కూడా ఏలిన నిజాం, 1798లో ఇంగ్లీషు కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. మరుసటి ఏడాదే ఆయన సేన కంపెనీకి తోడుగా టిప్పు సుల్తాన్ రాజధాని శ్రీరంగపట్నం మీదికి నడిచింది. 1799 మే 4న టిప్పు నేలకొరిగాడు.

ఆ గెలుపు గుర్తుగా కంపెనీ ఒక పతకం చేయించింది. అచ్చు వేసింది ఇంగ్లండులో, బర్మింగ్‌హామ్ దగ్గర బౌల్టన్ టంకశాలలో. ఒకవైపు పులిని కింద పడేసి మీదికెక్కిన సింహం. పులి టిప్పు చిహ్నం, సింహం ఎవరో చెప్పనక్కర్లేదు. బొమ్మ అందరికీ ఒకటే, లోహం మాత్రం వేరు. పెద్దలకు బంగారం, ఆ కిందివాళ్లకు హోదాను బట్టి బంగారు పూత వెండి, వెండి, కంచు. మామూలు సిపాయికి తగరం. చావు దగ్గర లేని తేడా పతకం దగ్గర వచ్చింది.

1837లో కంపెనీ దేశీ సైనికుల కోసం ‘ఆర్డర్ ఆఫ్ మెరిట్’ పెట్టింది. హోదాతో పని లేదు, యుద్ధంలో తెగువ చూపితే చాలు. మూడు తరగతులు, వాటితోపాటు జీతం పెంపు. నా దృష్టిలో ఇది నిజమైన ముందడుగు. అయితే 1856లో పుట్టిన బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ మాత్రం 1911 దాకా మనవాళ్లకు అందలేదు.

ఆ మధ్యలో జరిగిందే ఇది. నిజాం ఖర్చుతో ఇంగ్లీషు దొరలు నడిపిన సేన హైదరాబాద్ కంటింజెంట్. 1859 జనవరి 15న చిచుంబాలో దాని అధికారి కెప్టెన్ క్లాగ్‌స్టౌన్ ఎనిమిది మంది సైనికులతో తిరుగుబాటుదార్ల మీద పడ్డాడు. ఎనిమిది మందిలో ఏడుగుర్ని పోగొట్టుకున్నాడు, తానూ గాయపడ్డాడు. విక్టోరియా క్రాస్ ఆయనకు వచ్చింది. దాని ప్రశంసాపత్రంలో ఆ ఎనిమిది మందిలో ఒక్కరి పేరూ లేదు. ఇది చదివినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం అశ్వదళం హైదరాబాద్ లాన్సర్లు పాలస్తీనా దాకా వెళ్లారు. 1918లో నిజాంకు ‘నమ్మకమైన మిత్రుడు’ అనే బిరుదు దక్కింది. బెల్లంపల్లి మీదుగా రైల్లో ఢిల్లీ వెళ్లేవాళ్లు ఆ యుద్ధ స్మారకం తీన్‌మూర్తి దగ్గర ఆగి చూడండి, ఆ మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ సైనికుడిది.

కంటింజెంట్ పదాతి దళాలే తర్వాత 19వ హైదరాబాద్ రెజిమెంట్ అయ్యాయి, 1945లో దాని పేరు కుమావూఁ రెజిమెంట్‌గా మారింది. 1947 నవంబరు 3న బడ్గాంలో ప్రాణమిచ్చిన మేజర్ సోమనాథ్ శర్మ ఆ రెజిమెంటువారే. మన దేశపు మొదటి పరమ వీర చక్ర ఆయనది. అది కంచు పతకం. సిపాయికైనా జనరల్‌కైనా అదే కంచు.