మేరీ పాపిన్స్: మంత్రశక్తి, శ్రమశక్తి

బాలసాహిత్యానికి వర్గదృష్టి అంటదని వాదించే విమర్శకులున్నారు. మేరీ పాపిన్స్ కథ పొందిన మార్పులను పరిశీలిస్తే ఆ వాదం నిలవదని నా అభిప్రాయం.

ఆస్ట్రేలియాలో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన పి. ఎల్. ట్రావర్స్ ఈ కథల మొదటి పుస్తకాన్ని 1934లో ప్రచురించారు. ఆర్థికమాంద్యపు రోజులవి. అందులో బ్యాంక్స్ దంపతుల ఇల్లు ఆ వీధిలోకెల్లా చిన్నది, రంగు వెలిసినది. మంచి ఇల్లూ నలుగురు పిల్లలూ, రెండూ భరించే స్తోమత ఆ బ్యాంకు ఉద్యోగికి లేదు. అక్కడికి తూర్పుగాలి మీద వచ్చిన ఆయాకు మంత్రాలే కాదు, బేరమూ తెలుసు. పాత యజమానుల సిఫారసు పత్రాలు చూపనంటుంది. మూడు వారాలకొక గురువారం సెలవిస్తామంటే, రెండు వారాలకొకటి కావాలని పట్టుబట్టి సాధిస్తుంది.

1964లో డిస్నీ సంస్థ తీసిన చిత్రం కథాకాలాన్ని 1910కి జరిపింది. పేదరికపు ఛాయలు తుడిచివేసింది. తల్లిని స్త్రీల ఓటుహక్కు ఉద్యమకారిణిని చేసింది. ఇది అభ్యుదయమే కదా అనిపించవచ్చు. కాని చివరకు ఆమె ఉద్యమపు పట్టీ గాలిపటానికి తోకయింది! ఉద్యోగం పోయిన తండ్రి బ్యాంకులో భాగస్వామి అయ్యాడు. ఆయా మాత్రం గొడుగు పట్టుకొని ఎగిరిపోయింది.

మూలగ్రంథమూ నిర్దోషి కాదు. ఇతర జాతులను కించపరచిన ఒక అధ్యాయాన్ని 1981లో రచయిత్రే తిరగవ్రాయవలసివచ్చింది. అయినా, శ్రమకు షరతులుంటాయని ఆ పుస్తకం దాచలేదు. చిత్రంలో మంత్రం యజమాని కుటుంబాన్ని చక్కదిద్దే సేవగా మిగిలింది. పిల్లలకు ఈ కథ చెప్పే ఉపాధ్యాయులు ఆ గురువారం సెలవును మరువరాదు.