పాతబస్తీ తాలీంఖానాలు – వస్తాదుల పరంపర

హైదరాబాదు పాతబస్తీలో కుస్తీని గూర్చిన ప్రసంగము వచ్చినప్పుడెల్ల పహిల్వానుల పేర్లే వినవచ్చును గాని, ఆ పహిల్వానులను చిన్ననాటనే మట్టిలో పొరలించి, తిండిని తూచి, నిద్రను కనిపెట్టి, బరిలోనికి దింపవలసిన దినమును తామే నిర్ణయించిన వస్తాదుల పేర్లు అంతగా వినరావు. నా దృష్టిలో ఈ నగరపు మల్లవిద్యా చరిత్ర ప్రధానముగా వస్తాదుల చరిత్ర. దాని యౌన్నత్యమునకును, క్షీణతకును గూడ మూలము నచ్చటనే వెదకవలసియున్నది.

దక్కనులో ఈ విద్య నిజాముల నాడు పుట్టినది గాదు. పశ్చిమ చాళుక్య చక్రవర్తియైన మూడవ సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్దిలో కల్యాణి నేలుచు రచించిన మానసోల్లాసమున మల్లవినోదమునకు ప్రత్యేక ప్రకరణమే కలదు. మల్లులను జ్యేష్ఠిక, అంతర్జ్యేష్ఠిక, గోవలాది శ్రేణులుగా నేర్పరచి, వారి యాహారమును, నిత్యాభ్యాసమును సైతము అందు వివరించెను. ఆ కల్యాణియే తరువాతి కాలమున హైదరాబాదు సంస్థానములోని బీదరు జిల్లాలో చేరినది. ఇక కృష్ణరాయలు తెల్లవారకముందే నువ్వులనూనె త్రాగి, ఒడలికి పట్టించుకొని, మట్టితో చేసిన బరువుల నెత్తి, కత్తిసాము చేసి, ఆ నూనె చెమటయై వెడలిన పిదప తన మల్లులలో నొకనితో పెనగుచుండెనని పోర్చుగీసు యాత్రికుడు పేయస్ వ్రాసినది మన తెలుగువారికి సుపరిచితమే.

ఆసఫ్‌జాహీల కాలమున ఈ విద్యకు కొత్త మనుష్యులు వచ్చి చేరిరి. నిజాము కొలువులో సైనికులుగా నుండుటకై హద్రమౌతునుండి వచ్చిన అరబ్బులు బార్కస్‌లోను, ఉత్తర హిందూస్థానమునుండి వచ్చిన లోధాలు ధూల్‌పేటలోను స్థిరపడిరి. ఆయుధము పట్టుటయే వృత్తియైన ఈ సమూహములలో దేహబలము ఇంటింటి గౌరవమయ్యెను. అయితే భారీకాయము ఊరక పెరుగునది గాదు. బాదము, నేయి, పాలు, మాంసము దినదినము సమకూర్చుటకు సామాన్య కుటుంబమునకు శక్తి చాలదు కనుక, అమీరులును జాగీర్దారులును పహిల్వానులను పోషించుట తమ దేవిడీలకు ప్రతిష్ఠగా నెంచిరి. గోధుమలను మాంసముతో గంటలకొలది యుడికించి మెదిపెడు హరీస్ నేటికిని బార్కస్‌లో దొరకును.

తాలీంఖానా, అనగా మల్లశాల, లోపల జరుగు పనిని కొంత దగ్గరగా చూడవలెను. బరిలోని మట్టిని జల్లించి, పసుపు, ఆవనూనె, మజ్జిగ కలిపి మెత్తజేయుదురు. ప్రతి ఉదయము షాగిర్దులు (శిష్యులు) పారలతో దానిని త్రవ్వి చదును చేయుటతోనే వ్యాయామము ఆరంభమగును. పిదప దండములు, బస్కీలు, ముగ్దర్లు త్రిప్పుట, అటుపైననే పట్లు. ఒకచోట గోడపై ఆంజనేయుని పటము, మరియొకచోట ‘యా అలీ’ యను పిలుపు. మట్టి మాత్రము ఒక్కటే, క్రమమును ఒక్కటే. క్రొత్తగా చేరువాడు మిఠాయి పంచి, వస్తాదునకు నజరానా సమర్పించి షాగిర్దగును. ఆనాటినుండి వాని నడవడికి బరి వెలుపల సైతము వస్తాదే బాధ్యుడు. ఆయన బరి యంచున కూర్చుండి పెక్కుమాటలాడడు; పెనగులాటలో ఎవని ఊపిరి ముందుగా చెదరుచున్నదో, ఎవడు మడమ నెత్తుచున్నాడో చూచుచుండును. దంగలులో, అనగా కుస్తీ పోటీలో, తూకపు శ్రేణులు కఠినముగా పాటింపబడని కాలమున బరువైనవానికి గెలుపు సులభముగా దక్కెడిది. అందువలననే తన బరువును నమ్మి పట్లు నేర్వని సోమరితనము వానికి అబ్బెడిది. ఆ సోమరితనమును విరుచుటయే మంచి వస్తాదు పని. లావుపాటి శిష్యునికి సన్నని, చురుకైన జోడీలను వరుసగా ఎదురునిలిపి, వారివెంట పరుగెత్తలేక వాడు తన లోపమును తానే తెలిసికొనునట్లు చేయుదురు.

1910లో లండనునందు గామా పహిల్వాను తనకంటె బరువైన పోలండు మల్లుడు జ్బిస్కోను రెండు గంటలకు పైగా నేలను వదలి లేవనీయకుండెను. 1928లో పటియాలాలో అతనినే నిమిషమైన గడువకముందే చిత్తు చేసెను. అది కేవల బలము చేయు పనియా?

అమీరుల పోషణవ్యవస్థ 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున విలీనమగుటతో కూలినది. సంస్థానపు సైన్యములు రద్దయ్యెను, మరుసటి యేడు జాగీర్లును పోయెను. దేవిడీల పాలు, బాదములు ఆగిపోయినవి. వస్తాదులలో కొందరు విరిగిన యెముకలను కట్టుచు జీవించిరి. పాతబస్తీలో నేటికిని చేయి బెణికినవాడు పహిల్వాను కట్టు వెదకికొని పోవుట ఆ విద్య మిగిల్చిన మేలే. కండలు మిగిలి వస్తాదు కరవైనచోట మాత్రము ఆ బలము భూతగాదాలలో కిరాయికి పోయి, పహిల్వానన్న గౌరవనామమునకు మచ్చ తెచ్చెను. తప్పు కుర్రవాండ్రదని నేననను. వారిని ఆపగల గొంతు వారి వీథిలో లేకపోయెను.

ముష్టియుద్ధపు చరిత్రయు నిదే చెప్పుచున్నది. పాశ్చాత్యదేశములలో హెవీవెయిట్ పోటీలు కళదప్పినవని వగచువారు గొప్ప దేహములకై వెదకుచున్నారు గాని, వెదకవలసినది గొప్ప శిక్షకులను. మైక్ టైసనును చేరదీసి పెంచిన కస్ డమాటో 1985లో మరణించినను, ఆయన నేర్పిన విద్యతోనే ఆ యువకుడు 1986లో ఇరువదియేండ్లకే ప్రపంచ విజేత యయ్యెను. డమాటో శిష్యుడును, తన శిక్షకుడును నగు కెవిన్ రూనీని 1988లో తొలగించిన పిదప, 1990లో టోక్యోలో బస్టర్ డగ్లస్ చేతిలో ఓడెను. అంత దూరమేల, మన నిజామాబాదునే చూడుడు. సంసాముద్దీన్ అను శిక్షకుడు తన కుమారుడు హుసాముద్దీనునకును, నిఖత్ జరీనునకును తొలిపాఠములు నేర్పెను; హుసాముద్దీన్ కామన్వెల్తు క్రీడలలో 2018లోను, 2022లోను పతకములు గెలువగా, నిఖత్ 2022లోను, 2023లోను ప్రపంచ విజేతగా నిలిచెను. ఒక జిల్లాపట్టణపు వస్తాదు సాధించినదానిని పాతబస్తీ సాధింపలేదనుట నేను నమ్మను.

కావున క్రీడాశాఖవారికిని, బస్తీ పెద్దలకును నా మనవి యిది: పోటీలకు, బహుమతులకు ధనము వెచ్చించుటకు ముందు మిగిలియున్న వృద్ధ వస్తాదులను వెదకి, నెలజీతమిచ్చి, పిల్లల నప్పగింపుడు, మ్యాటు పరచిన హాలు ప్రక్కనే మట్టిబరిని గూడ నుంచుడు. ఆ వృద్ధులు పోయిన పిదప మీరెంత ధనము వెచ్చించినను ఈ విద్యను నేర్పువారు దొరకరు.